ఆంధ్ర విశ్వకళాపరిషత్తు: ఆనాటి కళాశాలలు, ఆచార్యులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసపాఠము)



గ్రామ గ్రంథాలయపు రజతోత్సవమున విశ్వవిద్యాలయమును గూర్చిన ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. కాని ఈ రెండు సంస్థలును తోబుట్టువులవంటివి. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది. పండ్రెండేండ్లకు, 1926లో, ఆ పట్టణముననే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పని ప్రారంభించినది. ఊరి పఠనమందిరము విద్యపై ఆకలి పుట్టించును; ఆ ఆకలిని తీర్చవలసినది కళాశాల. ఆనాటి యువకుల ఆకలిని తీర్చినది చట్టములా, భవనములా, ధనమా, ఉపాధ్యాయులా? ఆ చరిత్రను కొంచెము పరిశీలించినచో సమాధానము దానంతట అదియే దొరకును.

మొదట గమనింపవలసిన విషయ మొకటి కలదు. మన కళాశాలలు విశ్వవిద్యాలయమునకు బిడ్డలు కావు, పెద్దలు. మచిలీపట్టణమున రాబర్టు నోబుల్ పాఠశాల 1843లో ఆరంభమై, తరువాత కళాశాల యైనది. రాజమహేంద్రవరపు కళాశాలకు 1853 నాటి జిల్లా పాఠశాల మూలము. విజయనగరమున మహారాజావారి కళాశాల, విశాఖపట్టణమున ఎ.వి.ఎన్. కళాశాల, కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాల, గుంటూరులో ఆంధ్ర క్రైస్తవ కళాశాల, ఇవన్నియు పందొమ్మిదవ శతాబ్దిలోనే పాదుకొన్నవి. అప్పుడు వీని పరీక్షలు, పట్టములు అన్నియు మద్రాసు విశ్వవిద్యాలయమువే.

ఈ కళాశాలలకు పేరు తెచ్చినవారెవరు? రాజమహేంద్రవరపు కళాశాల యనగానే అచ్చట తెలుగు పండితులుగా పనిచేసిన కందుకూరి వీరేశలింగముగారు స్ఫురింతురు. ఆ కళాశాలకే ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో ఆంగ్లేయుడైన కూల్డ్రే దొర ప్రిన్సిపాలుగా నుండెను. అతడు చిత్రలేఖనమునందును, సాహిత్యమునందును అభిరుచిగల విద్యార్థులను చేరదీసెను. దామెర్ల రామారావుగారు, అడివి బాపిరాజుగారు అట్లు వెలుగులోనికి వచ్చినవారే. విజయనగరపు కళాశాల తాను చదివించిన గురజాడ అప్పారావుగారినే తన ఉపాధ్యాయునిగా చేసికొన్నది. ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాసయ్యంగారు తమిళులయ్యు, వ్యావహారిక భాషోద్యమమున గిడుగు రామమూర్తిగారికి అండగా నిలిచిరి. కాకినాడలో రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు ప్రిన్సిపాలుగా నున్న కాలమున స్త్రీలకు కళాశాల తలుపులు తెరచిరి. అనాథలకు ఆశ్రయము కల్పించిరి. కృష్ణశాస్త్రిగారివంటి కవి ఆయన శిష్యుడు. ఈ పేర్లను తీసివేసినచో ఆ కళాశాలల చరిత్రలో మిగులునది గోడలును, హాజరు పట్టికలును మాత్రమే.

1926లో మద్రాసు శాసనసభ చేసిన చట్టముచే ఆంధ్ర విశ్వవిద్యాలయ మేర్పడెను. కట్టమంచి రామలింగారెడ్డిగారు తొలి వైస్ ఛాన్సలరు. ముఖ్యస్థానము ఎచ్చట నుండవలెనను వివాదము చాలకాలము నడచినది. తుదకు వాల్తేరు స్థిరపడెను. రాయలసీమ జిల్లాలు కొలది యేండ్లకే మరల మద్రాసు విశ్వవిద్యాలయము క్రిందికి పోయినవి. తొలినాళ్ళలో ఈ విశ్వవిద్యాలయము ప్రధానముగా కళాశాలలను గుర్తించి పరీక్షలు జరుపు సంస్థయే. పరీక్షలు జరుపుట వేరు, విద్య చెప్పుట వేరు. 1930లో, స్వరాజ్యోద్యమ నాయకులను ప్రభుత్వము నిర్బంధించుటకు నిరసనగా రెడ్డిగారు పదవిని త్యజించిరి. విద్యాలయాధిపతికి ఆత్మగౌరవ మెంత యుండవలెనో ఆ ఒక్క పని చాటినది.

1931లో సర్వేపల్లి రాధాకృష్ణగారు వైస్ ఛాన్సలరుగా వచ్చిరి. ఆ యేడే వాల్తేరులో విశ్వవిద్యాలయపు సొంత ఆర్ట్సు కళాశాల వెలసెను. పిమ్మట సైన్సు, సాంకేతిక విద్యల కళాశాల యేర్పడెను. దానికి పోషకులు జయపురాధీశ్వరులు విక్రమదేవవర్మగారు. స్వయముగా కవియు, విద్వాంసుడునైన ఆ మహారాజు ఏటేట లక్ష రూపాయల శాశ్వత దానము ప్రకటించిరి. ఆనాటి లక్ష సామాన్యము కాదు. అయినను ధనము ప్రయోగశాలను కట్టగలదే కాని, అందు పనిచేయు బుద్ధిని కొని తేజాలదు. ఆ బుద్ధిని వెదకి తెచ్చుటయే రాధాకృష్ణగారు చేసిన ఘనకార్యము.

ఆయన అభ్యర్థి జిల్లాను, కులమును, వయస్సును చూడలేదు. 1932లో భౌతికశాస్త్రము చెప్పుటకు వచ్చిన సూరి భగవంతముగారు సి.వి. రామన్ గారి శిష్యులు. అప్పటి వయస్సు ఇరువదిమూడేండ్లు. రసాయనశాస్త్రమునకు వచ్చిన టి.ఆర్. శేషాద్రిగారు మాంచెస్టరులో రాబర్టు రాబిన్సను కడ పరిశోధన చేసినవారు. వంగదేశము నుండి హుమాయూన్ కబీరు, హీరేన్ ముఖర్జీ వచ్చి యువ ఉపన్యాసకులుగా కొంతకాలము పనిచేసిరి. పిమ్మట మొదటివారు కేంద్ర విద్యామంత్రిగాను, రెండవవారు పార్లమెంటులో ప్రతిపక్ష వక్తగాను ప్రసిద్ధులైరి. తెలుగు శాఖకు పింగళి లక్ష్మీకాంతముగారు ఆచార్యులైరి. అంతవరకు కళాశాలలలో కడపటి బెంచీపై కూర్చున్న తెలుగు, ఇతర శాస్త్రములతో సమానముగా ఆనర్సు పీఠ మెక్కినది.

ఫలితము త్వరలోనే కనబడెను. శేషాద్రిగారు మన పొలములలోని పత్తిపూవు మొదలగు పుష్పముల వర్ణద్రవ్యములను పరిశోధించి ప్రపంచఖ్యాతి గాంచిరి. భగవంతముగారును, టి. వేంకటరాయుడుగారును కలిసి గణితమునందలి సమూహసిద్ధాంతమును భౌతికశాస్త్రమునకు అన్వయించుచు వ్రాసిన గ్రంథమును 1948లో విశ్వవిద్యాలయమే ప్రకటించినది. ఎ.వి.ఎన్. కళాశాలలోను, పిమ్మట వాల్తేరులోను చదివి 1940లో గణితమున ఎం.ఏ. పట్టము పొందిన సి.ఆర్. రావుగారు సంఖ్యాశాస్త్రమున ప్రపంచములోని అగ్రగణ్యులలో ఒకరై, 2023లో కీర్తిశేషులైరి. విశాఖ ముందటి సముద్రము అనాదిగా అచ్చటనే యున్నది. అయినను, భూగర్భశాస్త్రాచార్యులు మహాదేవన్ గారివంటివారు ఉన్న ఆ విద్యాపీఠమునకు 1952లో అమెరికా శాస్త్రజ్ఞుడు లాఫాండుగారు వచ్చిన పిమ్మటనే అచ్చట సముద్రశాస్త్రాధ్యయనము పాదుకొన్నది. కనులుండిన చాలదు, చూచుట నేర్పువాడు కావలెను.

ఉపాధ్యాయులే విశ్వవిద్యాలయమనుటకు తిరుగులేని నిదర్శనము యుద్ధకాలమున లభించినది. 1942 ఏప్రిలు 6వ తేదీన విశాఖపై జపాను బాంబులు పడినవి. వాల్తేరు మందిరములను సైన్యము తీసికొనెను. విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలెను. అప్పటికి 1936 నుండి రెడ్డిగారే మరల వైస్ ఛాన్సలరు. కొండమీది భవనములు వాల్తేరుననే మిగిలిపోయినవి. విశ్వవిద్యాలయము మాత్రము ఆచార్యుల వెంట, విద్యార్థుల వెంట నడచిపోయినది. యుద్ధానంతరము వారు తిరిగి వచ్చినప్పుడే ఆ భవనములు మరల విద్యాలయమైనవి.

ఇందు ఒక విచారకరమైన పాఠమును కలదు. శేషాద్రిగారు 1949లో ఢిల్లీకి వెడలిరి. భగవంతముగారు వాల్తేరును వీడి, తరువాత ఉస్మానియా వైస్ ఛాన్సలరుగాను, బెంగుళూరు విజ్ఞానసంస్థ డైరెక్టరుగాను పనిచేసిరి. అది దేశమునకు లాభమే, వాల్తేరునకు లోటు. అయినను దీపము ఆరలేదు; ఏలయనగా వెళ్ళినవారు శిష్యులను మిగిల్చి వెళ్ళిరి. ఉపాధ్యాయుడు వెళ్ళునప్పుడు ఖాళీ కుర్చీని కాక, దానిలో కూర్చుండదగిన శిష్యుని విడిచిపోవుటయే విద్యాసంప్రదాయము. ఖాళీలను ఏండ్ల తరబడి నింపక వదలినచో ఆ గొలుసు తెగును. తెగిన గొలుసును అతుకుటకు ఒక తరము పట్టును.

గ్రంథాలయసేవకులు మరువరాని ఘట్టము మరియొకటి కలదు. వాల్తేరు గ్రంథాలయమునకు అధికారిగా నియమితులైనవారు కవియైన అబ్బూరి రామకృష్ణరావుగారు. 1935లోనే ఆ విశ్వవిద్యాలయము గ్రంథాలయశాస్త్రమున శిక్షణ ప్రారంభించినది. పుస్తకము నిచ్చుటయు విద్యయే, దానికిని గురువు కావలెనని ఆనాటి పెద్దలు గుర్తించిరి. 1949 నుండి 1961 వరకు వైస్ ఛాన్సలరుగా నున్న వి.యస్. కృష్ణగారి పేరు ఆ గ్రంథాలయమునకే పెట్టుట ఎంతయు సముచితము.

తరువాత కాలమున విద్యాలయములు విస్తరిల్లినవి. 1954లో తిరుపతియందు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము, 1976లో గుంటూరు చెంత నాగార్జున విశ్వవిద్యాలయము వెలసినవి. ఆ పిమ్మట జిల్లాకొకటి యనదగినట్లు కళాశాలలు పెరిగినవి. సంఖ్య పెరుగుట సంతోషకరమే. కాని బిడ్డను కళాశాలకు పంపు తల్లిదండ్రులు భవనముల అంతస్తులను లెక్కించుటతో తృప్తి పడరాదు. అచ్చట చెప్పువారెవరు? వారు నిలుకడగా నుందురా? గ్రంథాలయము తెరచి యుండునా? ఈ మూడు ప్రశ్నలు అడుగు గ్రామమునకు మంచి కళాశాల దొరకును. ఎవరును అడుగనిచో మంచి కళాశాలయు చెడును.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము అట్టి ప్రశ్నలు అడుగగల పాఠకులను తయారు చేయుచున్నది. ఈ బల్లల యొద్ద చదువుకొన్న పిల్లలలో కొందరు ఉపాధ్యాయులై, తాము పొందినదానిని మరల పంచుదురు గాక! ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, శతాబ్ద్యుత్సవమును చూచుగాక!