జనవరి పూలకు భాద్రపదంలో విత్తు



లాల్‌బాగులో ఏటా జనవరిలో జరిగే పుష్పప్రదర్శన చూచివచ్చి, మరునాడే విత్తనాలు కొనేవారు మనలో కొందరున్నారు. అప్పటికి అదను దాటిపోతుంది. ఫ్లాక్సు, కాలెండ్యులా, లార్క్‌స్పర్, స్వీట్‌పీ చలిని కోరే మొక్కలు. చల్లని రోజులలో వేరూని గుబురు కట్టి, పొద్దు పెరిగేకొద్దీ విరగబూస్తాయి. ఆలస్యంగా మొలిచినవి మార్చి ఎండలకు వడలిపోతాయి.

సుమారు 900 మీటర్ల ఎత్తునున్న బెంగుళూరుకు సెప్టెంబరు, అక్టోబరు నెలలే తగిన అదను. నెల్లూరు బంధువులకు మాత్రం ఈ లెక్క చెప్పకండి. అక్కడ అక్టోబరు, నవంబరులలో వానలు జోరు, చలి స్వల్పం.

ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి, జడివాన తగలకుండా చూరుక్రింద కుండీలలో నారు పోయండి. స్వీట్‌పీ గింజలను ఒక రాత్రి నానవేయాలి. లార్క్‌స్పర్ గింజ మొలవడానికి చీకటి కావాలి గనుక పైన పలుచగా మన్ను కప్పాలి. దానికి పీకి నాటడం గిట్టదు. ఉండవలసిన చోటనే విత్తాలి. తక్కినవాటిలో ఫ్లాక్సు, కాలెండ్యులా నారు నాలుగైదు ఆకులు తొడిగాక మార్చి నాటవచ్చును.

ఈ ఉగాది వేళకు ఆ మొక్కలు ఎండుతుంటాయి. పీకి పారవేయకండి. కాయలు పగలక మునుపే కోసి, నీడను ఆరబెట్టి, పొట్లాలు కట్టండి. లార్క్‌స్పర్, స్వీట్‌పీ గింజలు విషం; పసివాళ్లకు అందనీయరాదు. పొట్లాలమీద పేర్లు మాత్రం పెద్దపిల్లలచేత తెలుగులో వ్రాయించండి. బడిలో తెలుగు లేని పిల్లలకు అదొక అభ్యాసం.

వినాయకచవితి వెళ్లగానే ఆ పొట్లాలు విప్పండి. పూలకైనా, భాషకైనా అదనులో విత్తడమే మన చేతిలోని పని.