ఒక్క మైనస్ గుర్తు



పండగ పూట ఈయన ఎక్స్‌రేల గొడవ ఎందుకెత్తాడా అనుకోకండి. అయిదు నిమిషాల్లో ముగిస్తాను, భోజనాలు ఆలస్యం కానివ్వను.

ఎక్స్‌రే గది గోడకు సీసం రేకు ఎంత మందం ఉండాలో ముందే కంప్యూటర్లో లెక్క చూడొచ్చు. ఒక్కొక్క ఫోటాన్ ఎక్కడ తగిలింది, ఎటు తిరిగింది, ఎక్కడ ఆగింది అని చీట్లు తీసినట్టు లక్షలసార్లు వెంబడించడమే ఆ లెక్క. దాన్ని మాంటీ కార్లో పద్ధతి అంటారు. 1940లలో అమెరికాలోని లాస్ అలమోస్‌లో ఉలామ్, వాన్ నాయిమన్ దీనికి దారి వేశారు. అక్కడే తయారైన ఎంసీఎన్‌పీ ప్రోగ్రాం మీద నేను పని నేర్చుకున్నాను.

ఈ ప్రోగ్రాంకు మనం ఇచ్చే ఇన్‌పుట్ ఫైలు మన ఇండెంట్ ఫారం లాంటిది. మొదటి లైను శీర్షిక. తర్వాత మూడు భాగాలు. సెల్స్‌లో ఏ చోట ఏ పదార్థం ఉందో రాయాలి. సర్ఫేసుల్లో ఆ చోట్ల సరిహద్దులు రాయాలి. డేటాలో పదార్థాల వివరం, కిరణం పుట్టే చోటు, దాని శక్తి, ఎన్ని ఫోటాన్లు అన్నవి రాయాలి. భాగాల మధ్య ఒక్కొక్క ఖాళీ లైను వదలాలి. పొడవులు సెంటీమీటర్లలో, శక్తి ఎంఈవీల్లో. 100 కేఈవీకి 0.1 అని రాయాలి. అలవాటుగా 100 అని రాశామో, వెయ్యి రెట్లు!

రాతలో తప్పుంటే ప్రోగ్రాం చాలావరకు పట్టుకుంటుంది. అర్థంలో తప్పుంటే మాత్రం నోరెత్తదు. డిపోలో స్టోర్‌కీపరైతే "ఇదేంటి సార్?" అని అడుగుతాడు గదా!

ఒకసారి చిన్న ఆస్పత్రి గదికి లెక్క చేస్తూ సీసం సాంద్రత 11.35 అని రాశాను. దాని ముందు మైనస్ ఉంటేనే ఘన సెంటీమీటరుకు గ్రాములని అర్థం. లేకపోతే పరమాణువుల లెక్క. ఆ లెక్కలో సీసానికి ఉండాల్సింది 0.033. అంటే నా సీసం దాదాపు 340 రెట్లు చిక్కబడింది! 2 మి.మీ. రేకు పెడితే అవతల సున్నా. అర మి.మీ. పెట్టినా సున్నానే. ఖర్చు తగ్గిందని సంబరపడ్డాను.

రేడియోగ్రాఫర్‌గా చేసిన ఒక సుబేదారుగారు ఆ కాగితం చూసి, "సార్, మేం తొడిగే ఏప్రన్ కూడా అర మి.మీ. సీసమే. 100 కేవీలో దాన్లోంచి నూటికి కొన్ని వంతులైనా వస్తాయి. మీ గోడకు బొత్తిగా సున్నానా?" అన్నారు. నా చెమటలు పట్టాయి. సంతకం పెట్టి ఉంటే ఆ గోడ వెనక రోజూ నిలబడేది ఆయనలాంటి మనిషే. మన దేశంలో రేడియేషన్ పనివారికి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, సాధారణ ప్రజలకు 1 హద్దు. ఆ హద్దును కాపాడేది గోడే గాని నా కాగితం కాదు.

అప్పట్నుంచి మూడు పనులు మానలేదు. ప్రతి అంకె పక్కనా యూనిట్ రాస్తాను. జవాబు ముందే తెలిసిన చిన్న కేసును మొదట నడుపుతాను. ఆ పని చేతులతో చేసినవాళ్లకు ఫలితం చూపిస్తాను, వాళ్ల ర్యాంకు ఏదైనా సరే.

కుర్ర ఆఫీసర్లకు నేను చెప్పగలిగింది ఇంతే.  జై హింద్!