దగ్గు లేని జబ్బు – మన హాస్టలు పిల్లలు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ఉర్దూ మీడియం బళ్లో పిల్లలకు సైన్సు చెప్పుకునే మాస్టర్ని. అయినా మన పిల్లలు చాలామంది హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఉండి చదువుతున్నారు గనుక ఈ నాలుగు మాటలు విన్నవించుకుంటున్నాను.

మన అనంతపురం కరువు సీమ. వాన రాక శెనక్కాయ పంట పోతే తండ్రి బెంగళూరు దారి పడతాడు, కొడుకు హాస్టలు చేరతాడు. ఒక్కో గదిలో ఆరుగురు, ఎనిమిదిమంది. గాలికి దుమ్ము లేస్తుందని కిటికీలు మూస్తారు. చిక్కంతా ఆ మూసిన గదిలోనే ఉంది.

దగ్గు, జ్వరం లేనివాడు ఆరోగ్యవంతుడని మన లెక్క. ఆ లెక్క తప్పని కరోనా చూపించింది. అది సోకినవాడు లక్షణాలు కనబడడానికి ఒకటి రెండు రోజుల ముందునుంచే ఇతరులకు అంటించగలడు. కొందరికి చివరిదాకా ఏ లక్షణమూ ఉండదు, అయినా వారినుంచీ అంటవచ్చు. మాట్లాడినా, నవ్వినా నోటినుంచి సన్నని తుంపరలు వస్తాయి. గాలాడని గదిలో అవి చాలాసేపు తేలుతూ ఉంటాయి.

2020 ఫిబ్రవరిలో జపానులోని యొకొహామా రేవులో ఆపిన డైమండ్ ప్రిన్సెస్ ఓడలో 3,711 మంది ఉండగా, మొత్తం 712 మందికి కరోనా సోకింది. పరీక్ష చేసేనాటికి వారిలో దాదాపు సగం మందికి ఏ బాధా లేదు. ఓడ సంగతి మనకెందుకంటారా? 2021 నవంబరులో సంగారెడ్డి జిల్లా ముత్తంగి గురుకులంలో పరీక్షలు జరిపితే 40 మందికి పైగా పిల్లలకు కరోనా ఉన్నట్టు తేలింది. కలిసి తిని, కలిసి పడుకునేచోట ఒకరి ఊపిరే అందరి ఊపిరి.

నా సంగతే చెబుతాను. కాలేజీ రోజుల్లో మా గదిలో ఇద్దరికి ఫ్లూ జ్వరం. నాకేమీ లేదు. రంజాను సెలవులకు ఇంటికొచ్చి, ఉబ్బసంతో ఉన్న దాదీ పక్కనే కూర్చుని కబుర్లు చెప్పాను. నాలుగో రోజున ఆమెకు జ్వరం. ఇరవై రోజులు మంచం దిగలేదు. నానుంచే వచ్చిందని రుజువు లేదు. రాలేదని చెప్పే ధైర్యమూ నాకు లేదు.

2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసర స్థితి ముగిసిందని ప్రకటించింది. జబ్బు మాత్రం పోలేదు, ఫ్లూ అంతకన్నా పోలేదు. అందుకని కొన్ని మనవులు. గదికి ఎదురెదురు కిటికీలు తెరిచి ఉంచాలి. దుమ్మైతే ఊడ్చుకోవచ్చు. మంచాలు దూరం జరపాలి, వీలులేకుంటే ఒకడి తలవైపు ఇంకొకడి కాళ్లు ఉండేట్టు పడుకోవాలి. గదిలో ఒకడికి జ్వరమొస్తే మిగతావాళ్లూ కొన్నాళ్లు మాస్కు కట్టుకోవాలి. అలాంటప్పుడు ఇంటికొచ్చిన బిడ్డకు వరండాలోనో మిద్దె మీదో పక్క వేయండి. ముసలివాళ్ల దగ్గర కొన్నాళ్లు దూరంగా కూర్చోమనండి.

ఒక్క సంగతి మరవకండి. బిడ్డను 'జబ్బు తెచ్చావు' అని తిట్టకండి. తిడితే రేపు జ్వరమొచ్చినా దాస్తాడు. వాడికే తెలియనిదానికి వాడి తప్పేముంది?

హాస్టలుకు పోయినప్పుడు "అన్నం బాగుందా బేటా?" అని అడుగుతాం. ఇకమీదట "కిటికీ తెరుస్తున్నారా?" అని కూడా అడగండి. సెలవు.