అమ్మకానికి లేని నేల

(మహిళా రైతుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మేత బీడు, పుంత, చెరువు శిఖం ఎవరివి అని అడిగితే ‘అందరివీ’ అంటాం. ఆ అందరిదీ అన్న నేల ఏదో ఒక రోజు ఒక్కరి పేరున మారిపోవడం కూడా చూస్తూనే ఉన్నాం. ఇది మన ఒక్కరి కథే కాదు. ఇంగ్లండులో 1604 నుంచి 1914 వరకు పార్లమెంటు 5,200కు పైగా చట్టాలు చేసి సుమారు 68 లక్షల ఎకరాల ఉమ్మడి పొలాలకు, బీళ్లకు కంచె వేయించింది. అక్కడ ఆవును మేపుకొని, పొయ్యిలోకి పుల్లలు ఏరుకొని బతికిన పేదలు ఎందరో కూలీలయ్యారు, పట్నం దారి పట్టారు.

మిగిలిన నేలనైనా కాపాడాలని నిలబడినవారిలో స్త్రీలు ముందున్నారు. వారిలో నలుగురి గురించి చెప్పుకుందాం.

ఆక్టేవియా హిల్ లండన్‌లో పేదల ఇళ్ల కోసం పనిచేశారు. ఇరుకు గదుల్లో బతికేవారికి కూర్చోవడానికి పచ్చిక, నడవడానికి దారి కూడా కావాలన్నది ఆమె వాదన. 1875లో స్విస్ కాటేజ్ పొలాలను కొని జనానికి ఇవ్వాలని చందాలు పోగుచేశారు. యజమానులు అమ్మలేదు. ఆ పొలాల్లో ఇళ్లు లేచాయి. ఆమె ఆగిపోలేదు. 1895లో రాబర్ట్ హంటర్ అనే న్యాయవాది, హార్డ్‌విక్ రాన్‌స్లీ అనే మతగురువుతో కలిసి నేషనల్ ట్రస్ట్‌ను స్థాపించారు. అప్పటికి ఆ దేశంలో స్త్రీలకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటే లేదు.

ట్రస్టుకు మొదటి నేల ఇచ్చింది కూడా స్త్రీయే. వేల్స్‌లో బార్‌మత్ ఊరి పైనున్న కొండ వాలును, దాదాపు అయిదెకరాలను, ఫ్యానీ టాల్బట్ దానంగా ఇచ్చారు. 1907లో వచ్చిన చట్టం ట్రస్టుకు గొప్ప బలమిచ్చింది. ‘అన్యాక్రాంతం చేయరానిది’ అని ఒకసారి ప్రకటించిన భూమిని ట్రస్టు కూడా అమ్ముకోలేదు.

మూడో ఆమె బీట్రిక్స్ పాటర్. పిల్లల బొమ్మల కథలతో పేరు తెచ్చుకున్న రచయిత్రి. 1905లో లేక్ డిస్ట్రిక్ట్ కొండల్లో హిల్ టాప్ అనే కమతం కొన్నారు. ఆ తర్వాత పుస్తకాల రాబడితో ఒక్కొక్క కమతమే కొంటూ పోయారు. ఆ కొండల్లో పుట్టిన హెర్డ్‌విక్ గొర్రెలను పెంచారు. ఈ గొర్రెలకు కంచె అక్కర్లేదు. ఏ కొండ తమదో, ఎక్కడిదాకా మేయాలో పిల్లలు తల్లి వెంట తిరిగి నేర్చుకుంటాయి. మందను అమ్మేస్తే ఆ తెలివీ పోతుంది. 1943లో చనిపోతూ ఆమె 4,000 ఎకరాలకు పైగా భూమిని, పదికి పైగా కమతాలను ట్రస్టుకు రాసిచ్చారు. కొండ కమతాల్లో హెర్డ్‌విక్ మందలు కొనసాగాలని కోరారు. నేలను కాపాడటమంటే రైతును వెళ్లగొట్టడం కాదని, మందతో, మనిషితో కలిపి కాపాడటమని ఆమె చేసి చూపించారు. అడవి రక్షణ పేరుతో పోడు రైతును గెంటివేయడం చూసిన మనకు ఈ మాట విలువ తెలుసు.

నాలుగో ఆమె ఎథెల్ హేథార్న్‌త్‌వైట్. మొదటి ప్రపంచ యుద్ధంలో భర్తను పోగొట్టుకున్నారు. 1924లో షెఫీల్డ్ నగరం చుట్టూ ఉన్న కొండలు, పొలాలు ఇళ్ల స్థలాలైపోకుండా ఒక సంఘం పెట్టారు. లాంగ్‌షా ఎస్టేట్ అమ్మకానికి వచ్చినప్పుడు చందాలు ఎత్తి, ఏడు వందల ఎకరాలకు పైగా భూమిని నిలబెట్టారు. జాతీయ ఉద్యానాల చట్టం 1949లో వచ్చింది. 1951లో బ్రిటన్‌లో మొదటి జాతీయ ఉద్యానంగా పీక్ డిస్ట్రిక్ట్ ఏర్పడింది. ఈ రెండింటి వెనుకా ఆమె శ్రమ ఉంది.

జనం నడిచే హక్కు వస్తే పంట ఏమవుతుందని మీకు అనుమానం రావచ్చు. ఇంగ్లండు, వేల్స్‌లలో 2000 సంవత్సరపు చట్టం కొండల మీద, బీళ్ల మీద, ఉమ్మడి భూముల్లో నడిచే హక్కు ఇచ్చింది. దున్నిన చేను అందులోకి రాదు. పశువుల దగ్గర కుక్కను తాడుతో పట్టుకోవాలి. హక్కుకు హద్దు కూడా రాసిపెట్టారు.

మన చేతిలోనూ చట్టం లేకపోలేదు. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక హక్కులను గుర్తించి, అడవిని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. కాగితం మీది హక్కు దానంతటది నడిచి రాదు.

కాబట్టి ఊరి నక్ష తీయిద్దాం. అందులో గీసిన పుంత, డొంక, బండ్లబాట, మేత పోరంబోకు నేల మీద ఎక్కడున్నాయో కలిసి నడిచి చూద్దాం. గొడ్లను తోలుకెళ్లేది, కట్టెలు మోసేది, దూరం నడవాల్సి వస్తే ముందుగా అలిసిపోయేది ఆడవాళ్లే కనుక ఆ నడకలో వాళ్లే ముందుండాలి. ఆక్రమించింది పెద్ద కంపెనీ అయినా, గట్టు జరిపిన పక్క చేను మనిషి అయినా గ్రామసభలో పేరు పెట్టి అడుగుదాం. తీర్మానం రాయిద్దాం. అమ్మకానికి లేని నేల కొంతైనా ప్రతి ఊళ్లో మిగలాలి.