మహమ్మారి వెంట తాత్కాలికోద్యోగి

(సంఘ వార్షికోత్సవ సందర్భమున చేసిన ప్రసంగము)



సాహిత్య విషయమేదైన ఎన్నుకొని మాటలాడుమని మన కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను కళాశాలలో చదివినది చరిత్రయు సాహిత్యమును. ఇరువదేండ్లుగా కాలము గడుపుచున్నది ఫైళ్ల నడుమ. వైద్యశాస్త్రమున నాకు ప్రవేశము లేదు. అయినను నేడు ఒక వైద్యసంబంధమైన ఉద్యోగమును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. అందుకు కారణము లేకపోలేదు. మన కుటుంబములలోని పిల్లలు కొందరు వైద్యపట్టము పొందిన పిమ్మట ప్రజారోగ్యశాస్త్రము చదివి, ఎపిడెమియాలజిస్టులుగా పనిలో చేరుచున్నారు. నియామకపు ఉత్తరువు ఇంటికి వచ్చినపుడు తల్లిదండ్రుల చూపు మొదట జీతము మీద పడుట లేదు. కాలపరిమితి మీద పడుచున్నది. ఆరు నెలలు, పదునొకండు నెలలు, మహా అయిన ఒక సంవత్సరము! "ఇదేమి ఉద్యోగమండీ? పెండ్లి సంబంధము వచ్చిన ఏమని చెప్పుకొనుట?" అని నన్నడిగినవారు మనలోనే కలరు. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచు నేను చదివినదియు, విచారించి తెలిసికొన్నదియు మీ ముందుంచుచున్నాను.

మొదట ఆ పని ఎట్టిదో చూతము. వైద్యుడు రోగి మంచము ప్రక్కన కూర్చుండి నాడి చూచును. ఎపిడెమియాలజిస్టు ఊరినంతటిని ఒక రోగిగా భావించి దాని నాడి చూచును. జబ్బు మొదట ఏ వీధిలో పుట్టినది? ఏ నీరు త్రాగినవారికి వచ్చినది? ఒకే ఇంటిలో నలుగురికి సోకి అయిదవవానికి సోకకుండుటకు హేతువేమి? ఇవి అతని ప్రశ్నలు. అతని పనిముట్లు కాగితము, కలము, ఊరి పటము, ఇంటింటికి తిరుగగల కాళ్లు.

దీనికి ఉదాహరణము మన కలకత్తాలోనే దొరకును. హాఫ్‌కిన్ అను శాస్త్రజ్ఞుడు 1893లో కలరా టీకాతో ఈ దేశమునకు వచ్చెను. 1894లో ఇక్కడి కాంటాల్ బగాన్ అను బస్తీలో కలరా పొడసూపగా, అచట 116 మందికి టీకాలు వేసెను. మిగిలినవారు వేయించుకొనలేదు. అందరును ఒకే బస్తీలోనివారు. ఒకే నీరు, ఒకే గాలి. ఆ పిమ్మట అక్కడ కలరా సోకినవారందరును టీకా వేయించుకొననివారే. టీకా వేసిన చేయి ఎంత ముఖ్యమో, ఎవరికి వేసిరి, ఎవరికి వేయలేదు అని వ్రాసియుంచిన పట్టికయు అంతే ముఖ్యము. ఆ పట్టిక లేనిచో టీకా గుణము నిరూపితమయ్యెడిది కాదు.

ఇక కాలపరిమితి మాట. కొద్దికాలపు ఉద్యోగులు ఘనకార్యములు చేయలేరని ఎవరైన అన్నచో, అందుకు ఈ నగరమే అడ్డు చెప్పును. జర్మన్ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్ కలరా పరిశోధక బృందముతో 1883 డిసెంబరులో కలకత్తా చేరెను. రెండు నెలలు తిరుగకముందే కలరా క్రిమిని వేరుచేసి, శుద్ధముగా పెంచి, తన ప్రభుత్వమునకు నివేదిక పంపెను. ఇక్కడి బస్తీ చెరువు నీటిలోను ఆ క్రిమిని కనిపెట్టెను. పని ముగియగానే స్వదేశమునకు తరలిపోయెను.

రొనాల్డ్ రాస్ కథ మన తెలుగువారికి మరింత దగ్గరిది. ఆయన సికిందరాబాదులోని బేగంపేటలో సైనిక వైద్యుడుగా నుండి, 1897 ఆగస్టు 20వ తేదీన ఒక దోమ కడుపులో మలేరియా సూక్ష్మజీవి జాడను చూచెను. ఆ దోమలు హుస్సేన్ ఖాన్ అను రోగిని కుట్టినవి. కుట్టిన దోమ యొక్కింటికి ఒక అణా చొప్పున రాస్ అతనికి చెల్లించెనట! తాళపుచెవి చేతికి చిక్కినది. తలుపు తీయుటయే తరువాయి. ఇంతలో బదిలీ ఉత్తరువు వచ్చెను. ఆ సెప్టెంబరులోనే ఆయనను రాజపుతానాలోని ఖేర్‌వాడాకు పంపిరి. అచట మలేరియా లేదు. ఆయన పని చేయుటకు రోగులు లేరు. బదిలీ అనగా నేమో ఎరిగిన మనకు ఆ మనిషి మనఃస్థితిని వేరుగ వర్ణింప నక్కరలేదు.

లండనులోని గురుతుల్యుడు పాట్రిక్ మాన్సన్ ప్రయత్నించిన మీదట రాస్‌కు ఆరు నెలల ప్రత్యేకోద్యోగము మంజూరు కాగా, 1898 ఫిబ్రవరిలో కలకత్తా చేరెను. ఆయన ప్రయోగశాల ప్రెసిడెన్సీ జనరల్ ఆసుపత్రి ఆవరణలోనిది. ఆసుపత్రికి ఇప్పుడు వేరొక పేరున్నను, మనము పి.జి. ఆసుపత్రి యనియే పిలుచుచున్నాము. ఆ యేడు నగరమున ప్లేగు భయము ప్రబలియుండెను. సూది పొడిచిన ప్లేగు టీకాయే అని జనులు బెదరి పారిపోవుచుండుటచే రాస్‌కు మానవ రక్తము దొరకుట దుర్లభమయ్యెను. అందుచే పిచ్చుకల వంటి పక్షులకు వచ్చు మలేరియాను పరీక్షించెను. జులై నెలలో సూక్ష్మజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరుననియు, కాటుతో ఆరోగ్యముగల పక్షికి సంక్రమించుననియు నిరూపించెను. ఆరు నెలల గడువు తీరకముందే లోకమునకంతటికి పనికివచ్చు సత్యము వెలువడెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. 1927లో ఆ ఆసుపత్రి వద్ద ఆయన పేర స్మారక ద్వారమును నిలిపినపుడు ఆయన స్వయముగ విచ్చేసెను.

అయితే సోదరులారా, కథలో రెండవ భాగమును మరువరాదు. పక్షులలో నిరూపించినదానిని మనుష్యులలో నిరూపించు సమయమునకు రాస్‌ను కాలా అజార్ పరిశోధనకై అస్సాము పంపిరి. ఆ 1898 చివరనే ఇటలీలో గ్రాస్సీయు, ఆయన సహచరులును మనుష్యులకు మలేరియా తెచ్చునది అనాఫిలిస్ దోమ యని నిరూపించిరి. సికిందరాబాదులో తెగిన దారమును కలకత్తాలో ముడివేసికొన్న రాస్‌కు, కలకత్తాలో మరల తెగిన దారమును ముడివేసికొను అవకాశము ఈ దేశమున దొరకలేదు. 1899 ఆరంభమున ఆయన భారతదేశమును విడిచిపోయెను. స్వల్పకాలపు ఉద్యోగము ఆయనకు కావలసిన ఏకాగ్రత నిచ్చినది. గడువు పిమ్మట పని ఎవరిది, ఎట్లు సాగవలెను అను ఆలోచన మాత్రము ఆ ఏర్పాటులో లేదు.

మశూచి నిర్మూలన చరిత్రలో ఆ ఆలోచన కనబడును. 1974వ సంవత్సరమున మన దేశములో లక్షా ఎనుబదివేలకు పైగా మశూచి కేసులు నమోదయ్యెను. అందు అధికభాగము బీహారులోనివి. ఆ పోరాటమునకై ఇతర దేశములనుండి రెండువందలకు పైగా ఎపిడెమియాలజిస్టులు వచ్చిరి. మన దేశపు వైద్యులు అనేకులు తమ స్థానములను విడిచి డెప్యుటేషన్ మీద వెళ్లిరి. పలువురి గడువు మూడు నెలలు మాత్రమే. ఒక జీపు, ఒక డ్రైవరు, రెండు మొనల సూదులు, చేతి ఖర్చుకు ఇంప్రెస్టు సొమ్ము - ఇదియే వారి సామగ్రి. రోగి దొరికిన ఇంటికి కావలివారిని పెట్టి, చుట్టుపట్ల వారందరికి టీకాలు వేసి, ఆ రోగి ఎవరిని కలిసికొనెనో వారి జాడ తీసి, తరువాతి గ్రామమునకు సాగిపోయెడివారు.

మూడు నెలలకు వచ్చిన మనిషికి ఏ గ్రామమున రోగి కలడో ఎట్లు తెలిసెను? ఇక్కడనే కిటుకున్నది. 1973 శరత్కాలము మొదలుకొని లక్షకు మించిన స్థానిక ఆరోగ్య సిబ్బంది, రోగి బొమ్మ చేతబట్టుకొని గ్రామగ్రామము, ఇల్లిల్లు వెదకిరి. వారు శాశ్వతోద్యోగులు, ఊళ్లెరిగినవారు. కొత్తగా వచ్చినవాని కన్ను, పాతవారి కాళ్లు కలిసినందువలన పని నెరవేరినది. ఒకడు వెళ్లిపోయిన, వాని స్థానమున వచ్చినవానికి జాబితాయు పటమును సిద్ధముగ నుండెడివి. 1975 మే నెలలో అస్సాములోని కరీంగంజ్‌లో దొరికిన రోగితో మన దేశమున మశూచి వరుస తెగినది. 1977 ఏప్రిలులో అంతర్జాతీయ సంఘము భారతదేశము మశూచి విముక్తమని ధ్రువపరచెను.

తాత్కాలికోద్యోగమునకు సాధ్యముకానిది కూడ కలదు. కలరా క్రిమిని కాక్ కొద్ది వారములలో చూచెను. అది మనుష్యుని ఎట్లు చంపుచున్నదో తేలుటకు ఇంకను 75 ఏండ్లు పట్టెను. కలకత్తా మెడికల్ కాలేజీలో ఆచార్యులైన శంభునాథ్ డే 1959లో ఆ క్రిమి వెడలగ్రక్కు విషమే పేగులలోని నీటిని తోడివేయుచున్నదని కుందేళ్లపై ప్రయోగించి చూపిరి. ఆయన ఈ నగరమున స్థిరముగా నుండి, విద్యార్థులకు పాఠములు చెప్పుకొనుచు, ఏండ్ల తరబడి ఒకే ప్రశ్నను పట్టుకొని కూర్చుండినవారు. అట్టి పని పదునొకండు నెలల ఉత్తరువుతో జరుగదు.

మన రాష్ట్రమునందలి సిలిగురిలో 2001 ఆరంభమున ఒక వింత జ్వరము వచ్చెను. 66 మందికి సోకి 45 మంది మరణించిరి. ఆసుపత్రులలో రోగులకు పరిచర్య చేసినవారికిని సోకెను. అప్పుడు ఆ వ్యాధి పేరు తేలలేదు. భద్రపరచిన నమూనాలను పిమ్మట పరీక్షించి, అది నిపా వైరస్ అని 2006లో ప్రకటించిరి. ఆ నమూనాలను దాచినవారు, వాని మీద చీటీలు సరిగ అంటించినవారు లేకున్నచో ఆ పేరు నేటికిని తేలియుండదు. దస్త్రములు భద్రపరచు మనకు ఈ సంగతి ప్రత్యేకముగ మనసునకు పట్టవలెను.

ఇప్పటి స్థితి యేమి? 2004లో ఆరంభమైన సమీకృత వ్యాధి నిఘా కార్యక్రమము క్రింద రాష్ట్ర కేంద్రములలోను జిల్లాలలోను ఎపిడెమియాలజిస్టులను కాంట్రాక్టు పద్ధతిపై నియమించిరి. మహమ్మారి వచ్చినపుడు పరుగెత్తుట వేరు, అది రాకుండ కాపలా కాయుట వేరు. మొదటిదానికి మూడు నెలల మనిషి చాలును. రెండవదానికి వానకాలము వెంట వానకాలము చూచిన కన్ను కావలెను.

మా దగ్గరి బంధువుల అమ్మాయి యొకతె ఒక జిల్లాలో ఇట్టి పని చేసినది. వానకాలమున ఒక పట్టణములో కామెర్లు వ్యాపింపగా, ఇంటింటికి తిరిగి పటము గీచినది. రోగులందరును రెండు వీధులలోనివారు. ఆ వీధుల మంచినీటి గొట్టము మురుగుకాలువ గుండా పోవుచున్నది. ఆమె నివేదిక వ్రాసినది. గొట్టము మార్చవలెనని ఉత్తర ప్రత్యుత్తరములు సాగుచుండగా ఆమె గడువు తీరినది. నాలుగు నెలలు ఆ స్థానము ఖాళీ. మరుసటి వానకాలమున అవే వీధులలో కామెర్లు మరల వచ్చెను. కొత్తగా చేరిన అబ్బాయి మొదటి ఇంటినుండి మరల లెక్క ప్రారంభించెను. ఆమె పటపు నకలు ఆమె పెట్టెలో భద్రముగ నున్నది. అసలు ప్రతి ఏ కట్టలో నున్నదో చెప్పువారు లేరు. ఆ రెండవ వానకాలమున జబ్బుపడిన పిల్లల విషయమై నేను చాల దినములు ఆలోచించితిని.

మనమును ఒక చోట నిలుచువారము కాము. రాజమహేంద్రవరమున పుట్టి, ఢిల్లీలో చేరి, కలకత్తాలో సంసారము చేయుచున్నవారము. మనము బదిలీ అయినంతమాత్రమున ప్రభుత్వము నిలిచిపోవుట లేదు. ఏలన, కుర్చీ కదలదు, ఫైలుకు నంబరున్నది, ఛార్జి అప్పగించు పద్ధతి యున్నది. ఈ మూడును ఆ పిల్లల ఉద్యోగమునకు కల్పించుట అసాధ్యము కాదు. వ్యక్తి మారినను పదవి ఖాళీ పడకుండవలెను. పోవువారును వచ్చువారును కనీసమొక వారము కలిసి పనిచేయవలెను. వారు గీచిన పటములు, వ్రాసిన పట్టికలు జిల్లా కార్యాలయమున నంబరుతో నిలువవలెను. ఇందుకగు వ్యయము స్వల్పము. ఇట్టి ప్రతిపాదనల ఫైళ్లు మనలో ఎవరి బల్లమీదికైన రావచ్చును. "ఈ పోస్టు కొనసాగింపు అవసరమా?" అను ప్రశ్న ఎదురైనపుడు, "గడువు తీరిన మరునాడు ఆ జిల్లాలో కాపలా ఎవరిది?" అని నోటులో ఒక వాక్యము వ్రాయుడు. అది మన అధికార పరిధిలోని పనియే.

తల్లిదండ్రులకును ఒక మనవి. ఉత్తరువులోని చివరి తేదీని చూచి పిల్లల పనిని తక్కువగ ఎంచకుడు. వారికి స్థిరత్వము కావలెనని మీరు కోరుట న్యాయమే. ఆ కోరికను ప్రభుత్వము ముందుంచుడు, పిల్లల ముందు కాదు. ఇక ఈ పనిలోనున్న యువతీ యువకులకు, ఆఫీసులో తల నెరసినవాడుగ నేను చెప్పగలిగినది ఇది: విడుదలయ్యెడి దినమునకు ముందే, మీ తరువాత వచ్చువాని పేరు తెలియకున్నను, వాని కొక వివరమైన అప్పగింత పత్రము వ్రాయుడు. ఏ గొట్టము చెడినదో, ఏ మంత్రసాని నిజము చెప్పునో, ఏ వీధివారు తలుపు తీయరో అందు వ్రాయుడు. జవాబు రాదని నిరుత్సాహపడకుడు. ఒక ప్రతికి రసీదు తీసికొనుడు.