తొలినాటి సెల్‌ఫోను ఛాయాచిత్రములు

(నందినిలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠము)



సాంస్కృతిక సభలో సెల్‌ఫోను కెమెరా ప్రసక్తి ఏల అని కొందరికి తోచవచ్చును. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి పార్వతీపురము, రాయగడ మీదుగా రైలెక్కి వచ్చి, భిలాయి ఉక్కు కర్మాగారమునందును, దానికి సున్నపురాయి నందించు ఈ నందిని గనులయందును జీవితములు గడపిన కుటుంబములు మనలో ఎన్నియో కలవు. 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్టు ఫర్నేసు ప్రారంభమైన నాటి తరమువారి యౌవనపు ముఖములు స్టూడియో ఫోటోలలో కొన్ని మిగిలినవి. వారి వార్ధక్యపు ముఖములు మాత్రము అనేక గృహములలో పాత సెల్‌ఫోనులలోనే ఉన్నవి. ఆ ఫోనులు ఛార్జరు పోయి, బ్యాటరీ ఉబ్బి, బీరువా అరలలో పడియున్నవి.

కెమెరా గల సెల్‌ఫోనులు మొదట జపానులో వెలువడినవి. 1999లో క్యోసెరా, 2000లో షార్ప్ కంపెనీలు తెచ్చిన ఫోనులలో చిత్రమునకు సుమారు 1,10,000 బిందువులు మాత్రమే. ఈ బిందువునే పిక్సెల్ అందురు. 2002 నాటి నోకియా 7650లోను, 2003 నాటి నోకియా 6600లోను అడ్డముగా 640, నిలువుగా 480 బిందువులు, అనగా మొత్తము 3,07,200. అదే 2003లో వచ్చి ఇరువదియైదు కోట్లకు పైగా అమ్ముడుపోయిన నోకియా 1100లో టార్చి ఉండెను గాని కెమెరా లేదు. బీదవాని ఫోనుకు కెమెరా ఆలస్యముగా వచ్చెను. వచ్చినను ఆ మూడు లక్షల బిందువులతోనే చాలకాలము నిలిచెను. 2017లో వచ్చిన జియో ఫోనులో సైతము ముందువైపు కెమెరా అంతటిదే.

ఆ రోజులలో ఎవ్వరును అసంతృప్తి పొందలేదు. కారణము విచిత్రమైనది. నోకియా 6600 తెరమీద ఉన్నవి 176 చేత 208, అనగా 36,608 బిందువులు. చిత్రములో దానికి ఎనిమిది రెట్లున్నవి. కావున తెరపై బొమ్మ నిండుగా, ముచ్చటగా కనబడెడిది. లోపము బయటపడినది స్టూడియోలో కాగితముమీద అచ్చు వేయించినప్పుడు. మంచి అచ్చునకు అంగుళమునకు 300 బిందువులు కావలెనందురు. ఆరంగుళముల పొడవు, నాలుగంగుళముల వెడల్పు గల ఫోటోకు ఆ లెక్కను 21,60,000 కావలెను. మన ఫోనులో ఉన్నది అందులో ఏడవ వంతు. రెండు మెగాపిక్సెల్ ఫోనులు వచ్చిన పిమ్మటనే ఆ కొలతకు ఇంచుమించు చేరితిమి.

పెండ్లిలో ఇరువదిమంది వరుసగా నిలిచి ఫోటో దిగిరనుకొనుడు. ఒక్కొక్కరి వాటాకు అడ్డముగా 32 బిందువులు. భుజములు పోగా ముఖమునకు పదిహేను దక్కిన గొప్ప. కన్ను, కనుబొమ్మ, ముక్కుపుడక అన్నియు ఆ పదిహేనులోనే ఇమడవలెను.

బిందువుల కొరత ఒక్కటే కాదు. వెలుతురును పట్టు పలక వేలిగోటికన్న చిన్నది. కటకము అంతకన్న చిన్నది. సంక్రాంతి రాత్రి పచ్చని బల్బు క్రింద తీసిన చిత్రములో రంగురంగుల రవ్వలు చిందుటకు అదియే కారణము. కటకము కదలనిది కావున చేయిచాపు దూరమునకు ఆవల కొంత స్పష్టత, దగ్గర వస్తువు అలుకుడు. తాతగారి ఉత్తరమును ఫోటో తీసినవారికి అక్షరము దక్కలేదు. నందినివారికి మరియొక చిక్కు. తెల్లని సున్నపురాయి గోడ ముందు మనిషి నిలిచినచో కెమెరా ఆ తెలుపునకు బెదరి వెలుతురు తగ్గించును. మనిషి ముఖము నల్లబడును. చిత్రమును పైనుండి క్రిందికి వరుసవరుసగా గ్రహించుటచేత, వేగముగా పోవు వ్యాగన్లు ఒకవైపునకు ఒరిగినట్లు పడును. పిల్లలకు అది వినోదము. ఇవిగాక, ఫోనులో చోటు చాలదు. నోకియా 6600 లోపలి జ్ఞాపకశక్తి ఆరు మెగాబైట్లు. అందుచేత చిత్రమును గట్టిగా కుదించి దాచెడివారు. ఆ కుదింపు జాడలే చెక్కిళ్లపై కనబడు చిన్న చిన్న చదరములు.

ఇప్పుడు కృత్రిమ మేధతో పాత ఫోటోలను స్వచ్ఛము చేసెదమను యంత్రములు వచ్చినవి. అవి చేయు పని తెలిసికొనవలెను. గ్రహింపబడని వివరమును ఏ యంత్రమును తిరిగి తేలేదు. వేలాది పరాయి ముఖములు చూచి నేర్చిన పోలికతో ఖాళీని పూరించును. వచ్చిన ముఖము అందముగా ఉండును. ఆ కన్నులు మాత్రము మన నాయనమ్మవి కావు. గోడకు తగిలించుకొనుటకు అభ్యంతరము లేదు. అసలు చిత్రమును చెరిపివేసి దీనిని మిగుల్చుట మాత్రము నా దృష్టిలో అపచారము.

కావలసిన పని పెద్దది కాదు, కాని ఆలస్యమునకు ఓర్చునది కాదు. ఫోనులలోను, కార్డులలోను దాగిన విద్యుదావేశము ఏండ్లు గడచినకొలది క్షీణించును. ఉబ్బిన బ్యాటరీని ఛార్జి చేయరాదు, గ్రుచ్చరాదు. తెలిసిన మరమ్మతుదారునిచేత తీయించవలెను. కార్డు ఉన్నచో దానిని వేరుగా చదివించవచ్చును. చిత్రములను మామూలు ఫోటోగా వాట్సాప్‌లో పంపినచో మరల కుదింపు పడును, తీసిన తేదీయు ఊడిపోవును, డాక్యుమెంటుగా పంపుడు. రెండుచోట్ల ప్రతులుంచుడు. అచ్చు వేయించదలచినచో రెండంగుళముల కొలతలో వేయించుడు. ఆ కొలతకు మూడు లక్షల బిందువులు చాలును, ముఖము నిలుచును.

ప్రతి చిత్రమునకు పేర్లు, ఊరు, సంవత్సరము వ్రాయుడు. ఫోను చూపు తేదీని నమ్మరాదు. బ్యాటరీ తీసినప్పుడెల్ల గడియారము తప్పెడిది. పదిహేను బిందువుల ముఖమును మనుమలు గుర్తింపజాలరు. నడకచేత, చీరకట్టుచేత, ప్రక్కన నిలిచినవారిచేత గుర్తింపగలవారు ఈ సభలో మొదటి రెండు వరుసలలో కూర్చున్న పెద్దలు. వచ్చు ఆదివారము పిల్లలు తమ ఇండ్లలోని పాత ఫోనులను తెచ్చి వారి చెంత కూర్చుండవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.