బడిలో మొదట నేర్వవలసినవాడు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు. నేను పండితుడను కాను. ముప్పదియేండ్లు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవాడను. కనుక నాకు తెలిసిన బడిని గురించియే మాటలాడుదును. బడులు బాగుపడవలెనని అందరును అందురు. భవనములు, బల్లలు, పుస్తకములు రావలెనందురు. అవి రావలసినవే. కాని అవి వచ్చువరకు ఉపాధ్యాయుడు చేయదగినది ఏమియు లేదా? ఉన్నదని నా మనవి. ఆ సంగతి నాకు ఆలస్యముగా తెలిసినది.

ఉద్యోగమున చేరిన తొలినాళ్లలో ఒక పల్లె బడిలో మూడవ తరగతికి పాఠము చెప్పుచుంటిని. ఆవును గురించి ఒక్కొక్క వాక్యము చెప్పుడని పిల్లలను అడిగితిని. వెనుక వరుసలోని పిల్లవాడొకడు లేచి, 'మా ఆవు ఎల్లిపోనాది' అన్నాడు. తరగతి యంతయు నవ్వినది. నేనును నవ్వితిని. 'వెళ్లిపోయినది' అని పదిసార్లు పలికించి కూర్చుండబెట్టితిని. ఆ యేడు వాడు మరల నోరు విప్పలేదు. మరుసటి యేడు బడికే రాలేదు. అప్పుల క్రింద ఆ యావును అమ్మివేసినారనియు, పిల్లవాడు కూలికి పోవుచున్నాడనియు తరువాత విన్నాను. నేను క్రియాపదమును దిద్దితినే కాని, ఆవు ఎక్కడికి పోయినదని అడుగలేదు. అడిగియుంటే వాని చదువు నిలిచెడిదో లేదో చెప్పలేను. అడుగవలసినవాడను మాత్రము నేనే.

ఇట్టి చోట అడిగి తెలిసికొన్న మహోపాధ్యాయుడొకరు మనకున్నారు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863లో జన్మించి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా చేరినారు. ఆ ఊరు నేడు ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉన్నది. ఆ చుట్టుపట్ల కొండలలో సవరలు నివసింతురు. వారి పిల్లలకు తెలుగు రాదు. పంతులుగారికి సవర రాదు. 'వీరికి చదువు అబ్బదు' అని తేల్చివేయుట సులభము. వారు అట్లనలేదు. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట నుంచుకొని, తామే సవర నేర్చినారు. అప్పటికి లిపి లేని ఆ భాషలో వాచకములు వ్రాసినారు. సొంత ఖర్చుతో బడులు పెట్టించినారు. చెన్నపురి ప్రభుత్వమువారు పారితోషికము ఈయబోగా, ఆ ధనముతో సవరలకు బడి పెట్టుడని కోరినారని ప్రసిద్ధి. వారి సవర వ్యాకరణము 1931లో వెలువడునాటికి వారి వయస్సు అరువది యెనిమిదేండ్లు!

తెలుగు పిల్లల విషయమునను వారి పట్టుదల ఇట్టిదే. జనులు మాటలాడు తెలుగునకు బడిలో చోటుండవలెనని ఊరూర తిరిగి వాదించినారు. 1919లో 'తెలుగు' అను మాసపత్రికను స్థాపించినారు. నేను ఈ పాత ఫక్కిలో ప్రసంగించుట విన్నచో నన్నును మందలించియే యుందురు!

అయితే వ్రాత భాష నేర్పవద్దా? తప్పక నేర్పవలెను. దరఖాస్తు వ్రాయుటకు, పత్రిక చదువుటకు అది కావలెను. కాని దారి పిల్లవాని యింటి గుమ్మమునుండి మొదలుకావలెను. వాని మాటను ఎగతాళి చేసిన బడి, వాని తల్లిని ఎగతాళి చేసినట్లే. బడిలో మొదట నేర్వవలసినవాడు పంతులు.

ఈ సంగతి ఎరిగిన పిమ్మట నేను చేసిన పనులు చిన్నవి. రెండు దినములు బడికి రాని పిల్లల యింటికి సాయంకాలము పోయి, కారణము కనుగొనుచుంటిని. వారమునకొక గంట పిల్లలు తమ మాటలలో తమ సంగతులు చెప్పుటకు విడిచితిని. అందరు పిల్లలు నిలిచినారని చెప్పను, కొందరు నిలిచినారు. ఒక్క రూపాయియు ఖర్చు కాలేదు.

గ్రామస్థులకును ఒక మనవి. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము, ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య సంఘములలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే యుండవలెననియు, సభ్యులలో సగము స్త్రీలుండవలెననియు చెప్పుచున్నది. ఆ సంఘము సంతకములతో సరిపుచ్చుకొనరాదు. 'ఈ నెల ఏ పిల్లవాడు బడి మానినాడు? ఎందుకు?' అని ప్రతి సమావేశమునను అడుగుడు.

ఇక ఈ గ్రంథాలయము. బడి మానిన పిల్లవానికి బడి తలుపు మూసికొన్నట్లు తోచును. ఈ తలుపు తెరచియున్నది. వారమునకొక సాయంకాలము పిల్లలను ఇచ్చట కూర్చుండబెట్టి, ఒకరు చదువగా తక్కినవారు వినునట్లు ఏర్పాటు చేయుదురుగాక. చదువువాడు తడబడినచో ఎవ్వరును నవ్వకుందురుగాక. ఆనాటి తరగతిలో నేను నవ్వకుండవలసినది.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి ఈ వేదికపై మాటలాడువాడు, నేడు వెనుక వరుసలో మౌనముగా కూర్చున్న పిల్లవాడు కావలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.